అరవై అంగుళాల టేపు

సింగ్‌నగర్, డాబాకొట్ల వెనక మూడో సందు.
నీళ్ళు తీసి మూడు రోజులు.
బ్లీచింగ్ వాసన మీద ఎవరో వేసిన సాంబ్రాణి.
చంకలో అట్ట, అట్టకి ఫారాలు,
ప్రతి గుమ్మం ముందూ ఏడో గడి చదువుతున్నాను:
"వరద ఎంత ఎత్తు వచ్చిందమ్మా?"

మస్తాన్ బీ తలెత్తలేదు.
కుట్టుమిషను పెడలుకి కిరసనాయిలు పట్టిస్తోంది.
"మాకు వరద రాలా బాబూ."

గోడ వంక చూశాను.
మక్కా పటం తగిలించిన మేకుకి బెత్తెడు పైన
స్కేలు పెట్టి గీసినట్టు గోధుమరంగు గీత.
"మరి అదేంటి?"
"ముంపు."

రెండూ ఒకటేగా అన్నాను.
ఇంకా నలభై ఇళ్ళున్నాయి, ఎండ మాడుస్తోంది.

"ఒకటెట్టా అయిద్ది?
వరదంటే ఓ దిక్కునించి వచ్చిద్ది.
అరుసుకుంటా వచ్చిద్ది, పోయేటప్పుడు వీపు చూపిచ్చిద్ది.
తిట్టుకోటానికన్నా దానికో మొహం ఉంటది.
ఇది ఎటునించీ రాలా.
తెల్లారగట్ల బాత్రూం తూములో గుడగుడమంది,
సన్నికల్లు ఈడ్చుకొచ్చి పెట్టా దాని మీద.
ఇటు తిరిగేసరికి మంచం కింద చెప్పులు తేల్తన్నయ్.
రావటం నే చూళ్ళా. ఉండటమే చూశా.
ఎనిమిది రోజులుంది,
అద్దె కట్టకుండా, మాట్టాడకుండా."

కొల్లిపర దిగువన లంకలో మా నాన్నకి అరటితోట.
కృష్ణ పొంగి తీసిన మర్నాడు చేలో దిగి
కాలి బొటనవేలితో నేలని నొక్కి చూసేవాడు.
"వరదొచ్చిందిరా" అనేవాడు
పెడసరపు మేనమామ వచ్చి వెళ్ళినట్టు.
తోట పోయేది. ఒండ్రు ఉండేది.
మరుసటేడు గెల మోయలేక చెట్టే వంగేది.
ఆయన నోట ముంపు అన్న మాట
నేనెప్పుడూ వినలేదు.

ఇక్కడ పారతో గోకి గుమ్మం పక్కన పోసింది
ఒండ్రు కాదు.
నల్లగా ఉంది. డీజిల్ మెరుపు.
దానికి నాన్న బొటనవేలు అక్కర్లేదు.

నా ఇనుప టేపు తుప్పుపట్టి బయటికి రానంది.
మెడలో టేపు తీసి ఆమే ఇచ్చింది.
నేల దగ్గర నేను పట్టుకున్నాను, పైకి ఆమె లాగింది.
అరవై దగ్గర టేపు అయిపోయింది, గీత ఇంకా పైనుంది.
"ఇంతకి మించి ఎవరికీ కుట్టలా నేను" అని
బొటనవేలు గోడకి గుచ్చి, మళ్ళీ మొదలుపెట్టి,
"పదకొండు. రాసుకో."
బట్ట తెచ్చిన మనిషికి చెప్పినట్టే చెప్పింది.

నష్టాల గడిలో: మిషను మోటారు. మంచం. బియ్యం, అరబస్తా.
కొలతల పుస్తకానికి గడి లేదు.
ఇరవై రెండేళ్ళ పుస్తకం, సిరా కారి
పేజీకో నీలి మరక.
"సగం మంది నోటికొచ్చు" అంది.
"మార్వాడీ కొట్టు శకుంతల, చెయ్యి తొమ్మిదిన్నర.
బ్యాంకు ఎలీశమ్మ, భుజం పదమూడు, ఎడమది కొంచెం దిగుడు.
మిగతావాళ్ళు మళ్ళీ రావాల. వస్తారో, రారో."
ఎర్ర జాకెట్టు రంగు దిగి తెల్లదానికి అంటింది.
ఆ రెండూ ఎవరెవరివో అడగబోయి ఊరుకున్నాను.

ఆఫీసు కంప్యూటర్లో ముంపు లేదు.
వరద అని నొక్కితేనే తర్వాతి పేజీ తెరుచుకుంటుంది.
నొక్కాను. డెబ్బై ఒకటి అంగుళాలు.
తెరుచుకుంది.

గుణదలలో మాది రెండో అంతస్తు.
ఏ నీళ్ళూ అంత ఎత్తుకి రావు, నాకు తెలుసు.
రాత్రి రెండింటికి మా బాత్రూం తూము
ఒక్కసారి గొంతు సవరించుకుంది.
లేచి వెళ్ళాను.
సన్నికల్లు మా ఇంట్లో లేదు.
బకెట్టు నిండా నీళ్ళు పట్టి
దాని మీద పెట్టి
లైటు వేసే ఉంచి
చాలాసేపు చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాను.